మజ్జిగకు గిరాకీ ఉంటేనే: కోజనరేషన్ లెక్కలు, చిత్తూరు నుంచి

చలికాలంలో ఇరాల, పూతలపట్టు వైపు వెళ్తే చెరకు తోటల పక్కన గానుగలు ఆడుతూ కనిపిస్తాయి. రసం తీసిన పిప్పిని నేల మీద పరిచి ఎండబెడతారు. ఆరిన పిప్పిని పొయ్యి నోటి దగ్గర కుప్ప పోస్తారు. ఒక మనిషి అక్కడే కూర్చుని గుప్పెడు గుప్పెడుగా లోపలికి తోస్తూనే ఉంటాడు. చెయ్యి కాసేపు ఆగితే చాలు, పైన పెనంలో పొంగు కూలిపోతుంది. పెనం దగ్గరున్న మనిషి మడ్డి తీస్తూ, మధ్యలో కిందికి తొంగి చూసి "ఎయ్యి, ఎయ్యి" అని అరుస్తాడు. చెరకు రసం ఉడకడానికి కావలసిన వంటచెరకు కూడా చెరకే ఇస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఆ పొయ్యిలో ఒక పెద్ద నష్టం దాగి ఉంది. మంట వేడి 1000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రసం 100 డిగ్రీలకే మరుగుతుంది. బెల్లం పాకాన్ని 118 డిగ్రీల దగ్గర దించేస్తారు. మరి 1000 నుంచి 118 దాకా దిగిన వేడి మధ్యలో ఏం పని చేసింది? ఏమీ చేయలేదు.

వానలు పడ్డప్పుడు కపిలతీర్థంలో కొండ మీది నుంచి నీళ్లు దూకుతాయి. అవి ఎలాగూ కోనేట్లోకే చేరతాయి. దారిలో ఒక చక్రం పెడితే అది తిరుగుతుంది, కోనేటికీ నీళ్లు అందుతాయి. వేడి సంగతీ ఇంతే. ఎక్కువ వేడి నుంచి తక్కువ వేడికి దిగే దారిలో టర్బైన్ పెట్టి కరెంటు తీసుకుని, దిగిన వేడితో రసం కాచుకోవచ్చు. దీన్నే కోజనరేషన్ అంటారు, ఫ్యాక్టరీల్లో పొట్టిగా కోజెన్ అంటారు. నీళ్లకూ వేడికీ ఒక్క తేడా ఉంది. చక్రం తిప్పినందుకు కోనేటి నీళ్లలో చుక్క కూడా తగ్గదు. టర్బైన్ తిప్పినందుకు వేడి మాత్రం కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన దాన్ని భర్తీ చేయడానికి ఎంత ఖర్చవుతుందన్నదే కోజెన్ ఆర్థికమంతా.

ముందు మామూలు థర్మల్ కేంద్రాన్ని చూద్దాం. మనకు దగ్గర్లో ఉన్నది కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం. ఇలాంటి కేంద్రాల్లో 100 రూపాయల బొగ్గు కాలిస్తే సుమారు 35 రూపాయల బొగ్గులోని శక్తే కరెంటుగా బయటికొస్తుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కూలింగ్ టవర్ల మీద తెల్లటి ఆవిరై పోతుంది. ఇంజనీర్ల చేతకానితనం వల్ల ఇలా జరగడం లేదు. టర్బైన్‌లో చివరి చుక్క దాకా శక్తి పిండుకున్నాక మిగిలే వేడి 40, 45 డిగ్రీలదే. దాంతో పాలు కాగవు, రసం మరగదు. ఆ వేడిని ఎవరైనా వాడుకోవాలంటే ఆవిరిని టర్బైన్ నుంచి ముందే, ఇంకా 120, 130 డిగ్రీలు ఉండగానే బయటికి తీయాలి. అలా తీస్తే కరెంటు తగ్గుతుంది. ఇక్కడి నుంచే జాగ్రత్తగా లెక్క వేయాలి.

67 కేజీల ప్రెజర్ (చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి) బాయిలర్ నుంచి వచ్చే ఆవిరిని చివరిదాకా పిండితే ఒక యూనిట్ కరెంటుకు 4 కిలోల లోపు ఆవిరి సరిపోతుంది. అదే ఆవిరిని రసం కాచడానికి పనికొచ్చే వేడి దగ్గర వదిలేస్తే యూనిట్‌కు 6 నుంచి 6.5 కిలోలు పడుతుంది. ఈ రెండు అంకెలు చూసి 'కోజెన్ దండగ' అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, ఆ 6.5 కిలోల ఆవిరి టర్బైన్ దాటాక కూడా ఆవిరే. నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి కిలోకు 70 కిలోకాలరీలు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 539 కిలోకాలరీలు కావాలి. టర్బైన్ తీసుకున్నది పైపై భాగమే, ఆ పెద్ద మూట అలాగే మిగిలి ఉంది. ఫ్యాక్టరీకి కావలసింది కూడా ఆ మూటే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే. 'ఫ్యాక్టరీకి ఆవిరి ఎలాగూ కాయాలి కదా, దాంతోపాటు కరెంటు కూడా తీయడానికి అదనంగా ఎంత ఇంధనం కాల్చాలి?' ఒక యూనిట్ అంటే 860 కిలోకాలరీలు. బాయిలర్‌లో, జనరేటర్‌లో పోయే నష్టాలు కలిపితే దాదాపు 1150 అవుతుంది. అదే యూనిట్‌కు థర్మల్ కేంద్రంలో సుమారు 2450 కిలోకాలరీల బొగ్గు కాలాలి. కిలోకు 4000 కిలోకాలరీలిచ్చే బొగ్గు కిలో 6 రూపాయలు అనుకుందాం. థర్మల్ కేంద్రంలో యూనిట్‌కు 610 గ్రాములు, అంటే 3 రూపాయల 70 పైసల దాకా పడుతుంది. కోజెన్‌లో 290 గ్రాములు, 1 రూపాయి 70 పైసలు. సగానికన్నా తక్కువ. కోజెన్‌లో ఉన్న లాభమంతా ఈ తేడాలోనే ఉంది. పక్కన వేడి తీసుకునేవాడు లేకపోతే ఈ తేడా ఆ క్షణమే మాయమవుతుంది.

మా అవ్వ తెల్లవారుజామున కవ్వం పట్టేది. వెన్న తీసి నెయ్యి కాచి అమ్మేది. మజ్జిగ మాత్రం ఎవరు చెంబు పట్టుకుని వచ్చినా ఊరికే పోసేది. ఇప్పుడు ఆలోచించండి, ఆ పాల ఖర్చంతా ఎవరి పద్దులో రాయాలి? మొత్తం నెయ్యి మీదే వేస్తే నెయ్యి ఖరీదు ఆకాశంలో ఉంటుంది, మజ్జిగ ఉచితం. సగం సగం వేస్తే నెయ్యి చవక, మజ్జిగ పిరియం. పాలవాడికిచ్చే డబ్బు మాత్రం రెండు లెక్కల్లోనూ ఒకటే. కోజెన్‌లో వెన్న కరెంటు, మజ్జిగ వేడి. వెన్నలాగే కరెంటుకు ఎక్కడైనా గిరాకీ ఉంటుంది, తీగల మీద ఢిల్లీ దాకా పంపొచ్చు. మజ్జిగ ఊరు దాటదు. ఆవిరి పైపు పొడవు పెరిగేకొద్దీ వేడీ ప్రెజరూ పడిపోతాయి, పైపు ఖర్చు పెరుగుతుంది.

'కోజెన్ కరెంటు యూనిట్‌కు ఎంత పడుతుంది?' అన్న ప్రశ్నకు ఒక్క జవాబు దొరకనిది ఇందుకే. వేడికి ఎంత విలువ కట్టారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అమ్మేవాడు ఒక రకంగా పంచుతాడు, కొనే డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఇంకో రకంగా పంచుతుంది, ఇద్దరి అంకెలూ తప్పు కావు. ఈ తగువు మన ప్రభుత్వానికీ తెలుసు. ఏది నిజమైన కోజెనో తేల్చడానికి కేంద్ర విద్యుత్ శాఖ 1996లో ఒక కొలత పెట్టింది. ముందు కరెంటు తీసి తర్వాత వేడి వాడుకునే ప్లాంట్లలో, వాడుకున్న కరెంటుకు వాడుకున్న వేడిలో సగం కలిపితే, అది కాల్చిన ఇంధన శక్తిలో 45 శాతం దాటాలి. వేడికి సగం మార్కులే వేశారన్నమాట. అమెరికాలో 1978 నాటి చట్టం కింద పెట్టిన కొలతలోనూ ఇలాగే సగం వేడినే లెక్కలోకి తీసుకున్నారు. నా వరకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. 120 డిగ్రీల ఆవిరితో చేయగలిగే పనులు కొన్నే, కరెంటుతో చేయలేని పని దాదాపు లేదు.

ఇప్పుడు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అందరికీ తెలిసిన కథకు వద్దాం. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోని వెంకటేశ్వర సహకార చక్కెర ఫ్యాక్టరీ. రెండూ మూతపడ్డాయి. 'కోజెన్ పెట్టి ఉంటే బతికేవి' అనే మాట టీ కొట్ల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్ల బాధ నాకు తెలుసు. చెరకు బండి తోలుకెళ్లి గేటు ముందు రాత్రంతా కాచుకున్నవాళ్ల మాట అది. అందుకే ఆ మాటను ఊరికే తోసేయకుండా, కాగితం మీద పెట్టి చూశాను.

1000 టన్నుల చెరకు ఆడితే సుమారు 300 టన్నుల పిప్పి వస్తుంది, అందులో సగం తేమే. కిలో పిప్పి కాలిస్తే 2.2 కిలోల ఆవిరి వస్తుందనుకుంటే 660 టన్నుల ఆవిరి. చక్కెర తయారీకి 450 టన్నులు కావాలి. ఇది టర్బైన్ మీదుగా వస్తూ 70 వేల యూనిట్లు ఇస్తుంది. మిగిలిన 210 టన్నులను చివరిదాకా పిండితే మరో 54 వేలు. మొత్తం 1 లక్ష 24 వేల యూనిట్లు. ఫ్యాక్టరీ సొంత వాడకం పోగా 90 వేలు గ్రిడ్‌కు అమ్మొచ్చు. అంటే టన్ను చెరకుకు 90 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే టన్నుకు 450 రూపాయలు. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన చెరకు ధర, 10.25 శాతం రికవరీకి (అంటే 100 కిలోల చెరకుకు 10.25 కిలోల చక్కెర వస్తే), క్వింటాలుకు 355 రూపాయలు. టన్నుకు 3550. కరెంటు ఆదాయం చెరకు ధరలో ఎనిమిదో వంతు ఉంటుంది. చక్కెర ధర పడిపోయిన ఏడాది ఇది చిన్న మొత్తమేమీ కాదు.

పాత ఫ్యాక్టరీల్లో ఇది ఎందుకు కుదరలేదంటే, వాటి బాయిలర్లు 21 కేజీల ప్రెజర్‌వి. కొండ ఎత్తు తక్కువ. అంతే ఆవిరి నుంచి 67 కేజీల బాయిలర్ ఇచ్చే కరెంటులో సగం మాత్రమే వచ్చేది. అది వాళ్ల మిల్లులు తిప్పుకోవడానికే సరిపోయేది. అమ్మాలంటే బాయిలర్, టర్బైన్ రెండూ కొత్తవి కావాలి.

వాటి ఖర్చు చూద్దాం. రోజుకు 2500 టన్నులు ఆడే ఫ్యాక్టరీకి పై లెక్క ప్రకారం 13 మెగావాట్ల ప్లాంటు కావాలి. మెగావాటుకు 5 కోట్లు అనుకుంటే 65 కోట్లు. అసలు, వడ్డీ కలిపి ఏటా 15 శాతం కట్టాలంటే 9 కోట్ల 75 లక్షలు. సీజన్ 120 రోజులు నిండుగా ఆడితే 3 లక్షల టన్నుల చెరకు, 13 కోట్ల 50 లక్షల కరెంటు ఆదాయం. అప్పు కట్టాక 3 కోట్ల 75 లక్షలు మిగులుతాయి. సరే, చెరకు సగమే వచ్చిందనుకోండి, లక్షన్నర టన్నులు. ఆదాయం 6 కోట్ల 75 లక్షలు. అప్పు మాత్రం అదే 9 కోట్ల 75 లక్షలు. ఏటా 3 కోట్లు ఎదురు పెట్టుకోవాలి. ఈ లెక్కలో గట్టున పడాలంటే కనీసం 2 లక్షల 17 వేల టన్నుల చెరకు గేటు దాటి లోపలికి రావాలి. జీతాలు, రిపేర్లు ఇందులో కలపనే లేదు.

మన దగ్గర ఆగింది అక్కడే. బోర్లు ఎండాయి, రైతులు చెరకు వదిలి మామిడికి, పాడికి మళ్లారు. ఉన్న చెరకులో చాలా భాగం బెల్లం గానుగలకు పోయింది, ఎందుకంటే గానుగలో బెల్లం వండి మార్కెట్లో వేస్తే డబ్బు చేతికొస్తుంది. ఫ్యాక్టరీ బకాయిల కోసం ఏడాది ఎదురుచూసినవాడు మళ్లీ ఫ్యాక్టరీకి చెరకు ఎందుకు తోలతాడు? నా ఉద్దేశంలో చెరకు ఉన్న ఫ్యాక్టరీకి కోజెన్ బలం ఇస్తుంది. చెరకు రాని ఫ్యాక్టరీ మీద అది ఇంకో అప్పు. సకాలంలో రైతుకు డబ్బు ఇవ్వడం ముందు జరగాలి, కొత్త బాయిలర్ తర్వాత.

కరెంటు రేటు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండలేదు. 1990లలో కేంద్రం ఇలాంటి కరెంటుకు యూనిట్ 2 రూపాయల 25 పైసలు, 1994-95 నుంచి ఏటా 5 శాతం పెంపు అని మార్గదర్శకం ఇచ్చింది. ఆ ఆశతో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్లాంట్లు వచ్చాయి. 2004లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి రేట్లను తిరగరాసింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2003 విద్యుత్ చట్టం కోజెన్‌ను ప్రోత్సహించమని నియంత్రణ మండళ్లకు చెబుతుంది, కానీ ఎంత రేటు ఇవ్వాలో అందులో లేదు. తిరుపతిలో కేంద్ర కార్యాలయం ఉన్న దక్షిణ డిస్కమ్ వైపు నుంచి చూసినా వాళ్ల వాదనలో పస ఉంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు చవకగా దొరుకుతుంటే, సీజన్‌లో మాత్రమే వచ్చే కరెంటుకు ఎక్కువ ఎందుకు ఇవ్వాలంటారు. అందుకే అమ్ముకునే కరెంటు కన్నా, సొంతంగా వాడుకుని కొనడం మానేసే కరెంటుకే విలువ ఎక్కువ. అమ్మితే 4, 5 రూపాయలు వచ్చే చోట, కొనకుండా ఉంటే 7 రూపాయలు మిగలొచ్చు.

సీజన్ సంగతి చక్కెరతో ఆగదు. మన జిల్లా అంటే తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు. వాటన్నిటికీ బాయిలర్లున్నాయి, ఆవిరి కావాలి, కరెంటూ కావాలి. చూడ్డానికి కోజెన్‌కు పుట్టినట్టే ఉంటాయి. కానీ కాయ వచ్చేది రెండు, రెండున్నర నెలలు. మెగావాటుకు ఏటా 75 లక్షల అప్పు భారం ఉన్న ప్లాంటు 75 రోజులు ఒక్క నిమిషం ఆగకుండా తిరిగినా 18 లక్షల యూనిట్లే ఇస్తుంది. యూనిట్‌కు 4 రూపాయల 17 పైసలు అప్పుకే పోతుంది. 120 రోజులైతే 2 రూపాయల 60 పైసలు. 300 రోజులు తిరిగితే 1 రూపాయి 4 పైసలు. యంత్రం అదే, ఇంధనం అదే, క్యాలెండర్ ఒక్కటే మారింది.

డెన్మార్క్‌లో పెద్ద కరెంటు కేంద్రాల వేడి నీళ్లు ఊరంతా పైపుల్లో తిరిగి ఇళ్లను వెచ్చబరుస్తాయి. అక్కడ చలి ఎక్కువ నెలలు ఉంటుంది కాబట్టి మజ్జిగకు గిరాకీ. తిరుపతిలో ఎవరికి కావాలి ఆ వేడి? మనకు కావలసింది చల్లదనం. వేడితో చల్లదనం తయారు చేసే యంత్రాలు ఉన్నాయి, లిథియం బ్రోమైడ్ ద్రావణంతో పనిచేస్తాయి. పెద్ద ఆసుపత్రులకూ హోటళ్లకూ ఇవి పెట్టి, గ్యాస్ ఇంజన్‌తో కరెంటు, ఆ వేడితో ఏసీ తీసుకోవచ్చని చెబుతుంటారు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టిన లెక్క ఇది, ఫలితం నిరాశపరిచింది. ఒక ఘనపు మీటరు గ్యాస్‌తో మంచి ఇంజన్ 4 యూనిట్ల కరెంటు ఇస్తుంది. మిగిలిన వేడితో వచ్చే చల్లదనాన్ని మామూలు కరెంటు చిల్లర్ ఒక యూనిట్‌తోనే ఇచ్చేస్తుంది. అంటే మొత్తం 5 యూనిట్ల విలువ. గ్యాస్ 50 రూపాయలుంటే యూనిట్ 10 రూపాయలు పడినట్టు. గ్రిడ్ కరెంటు అంతకన్నా చవక. గ్యాస్ బాగా తగ్గితే తప్ప ఇది నిలబడదు.

శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరి పైపుల ఫ్యాక్టరీది దీనికి తలకిందుల పద్ధతి. అక్కడ ముందు వేడి, తర్వాత కరెంటు. కోక్ ఓవెన్లలో 1000 డిగ్రీలు దాటే వేడి ఎలాగూ పుడుతుంది. బయటికి పోయే ఆ వేడి వాయువులతో ఆవిరి కాచి 12 మెగావాట్ల సొంత ప్లాంటు నడిపారు. అదనపు ఇంధనం దాదాపు సున్నా, కరెంటు వాడుకునేది గోడ అవతలే, పొయ్యిలు ఆరకుండా మండుతూనే ఉంటాయి. కోజెన్‌కు ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఇలాంటి చోట్లు చిన్నవి కూడా ఉన్నాయి, కంటికి ఆనవు. మూడేళ్ల కింద ఒక డెయిరీ బాయిలర్ గదిలోకి వెళ్లాను. ఒక పైపు దగ్గర చెవులు గింగిర్లెత్తే చప్పుడు.

"ఏందన్నా ఆ సౌండు?"

"ప్రెజర్ తగ్గిస్తా ఉండాంలే. బాయిలర్ 17 కేజీలు ఇస్తుంది. పాలకు మూడున్నర చాలు. ఈ వాల్వు మధ్యలో తగ్గిస్తాది."

ఆ వాల్వు పైన గుడ్డ చుట్టి ఉంది, కింద ఆవిరి చుక్కలు కారుతున్నాయి. కొండ మీది నీళ్లు రాయి మీద పడి చిందిపోయినట్టు, 17 నుంచి మూడున్నరకు దిగే ప్రెజరంతా ఆ చప్పుడులో పోతోంది. ఆ వాల్వు స్థానంలో చిన్న టర్బైన్ పెడితే? గంటకు 3 టన్నుల ఆవిరికి దాదాపు 100 కిలోవాట్లు వస్తాయి. ఇంధనం ఖర్చు ముందు చెప్పినట్టు 1 రూపాయి 70 పైసలే అనుకుని, కొనే కరెంటు 7 రూపాయలైతే యూనిట్‌కు 5 రూపాయల 30 పైసలు మిగులుతుంది. ఏడాదికి 7000 గంటలు తిరిగితే 37 లక్షలు. టర్బైన్‌కు కోటి పెట్టినా మూడేళ్లలోపే తిరిగొస్తుంది. అదే రోజుకు 8 గంటలు మాత్రమే ఆవిరి వాడే చోట దాదాపు ఏడేళ్లు పడుతుంది, అప్పుడు పెట్టకపోవడమే మంచిది.

"రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందన్నా ఇది?" అని అడిగాను.

ఆయన గోడకు వేలాడుతున్న లాగ్ బుక్ తీసి, నూనె మరకల పేజీలు తిప్పి చూపించాడు. గంట గంటకూ ప్రెజర్, ఫీడ్ వాటర్, సంతకం. ఉదయం పాలకు, సాయంత్రం పాలకు, మధ్యలో కడగడానికి, రాత్రి పొడి ప్లాంటుకు. ఖాళీ గడి కోసం వెతికాను. ఆ నెలలో బాయిలర్ క్లీనింగ్ జరిగిన రోజు తప్ప ఒక్కటీ కనపడలేదు.